పల్లిసభకు వెళ్లే ముందు క్యాష్ బుక్ రెండు చేసుకోండి

ఒడిశాలోని పర్లాకిమిడి పక్క పల్లెల్లో సంఘం అంటే ఆదివారం ప్రార్థనకు కూడే మనుషులు. నేను కోశాధికారిగా లెక్కలు రాసేది ఇంకో సంఘానికి. 1860 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరై, రాత్రిబడి, మంచినీళ్ల పనులు చూసే సంఘం అది. మనుషులు వాళ్లే, అందుకే ఊళ్లో రెండూ ఒకటే అనుకుంటారు. ఢిల్లీ అలా అనుకోదు. మందిరం తరఫునో గుడి తరఫునో మీరూ ఊరి పనిలోకి దిగుతుంటే, పల్లిసభకు, అంటే ఊరి ఓటర్లంతా కూడే సభకు, వెళ్లే ముందే ఈ తేడా మీ పుస్తకాల్లో కనపడాలి.

కానుకల పెట్టె డబ్బు ఒక క్యాష్ బుక్‌లో, రాత్రిబడి చందాలు ఇంకో దాంట్లో రాయండి. రసీదు పుస్తకాలూ వేరే ఉండాలి. చందా ఇచ్చినవాళ్లకు ఆదాయపు పన్నులో మినహాయింపు (1961 చట్టంలో 80జి) దక్కాలంటే సంస్థ ఏడాది ఆదాయంలో 5 శాతం దాటి మతపరమైన ఖర్చు ఉండకూడదు. ఓ ఏడు క్రిస్మస్ పందిరి బిల్లు రాత్రిబడి పద్దులో వేసేశాను. ఆడిటర్ గారి ముందు పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

విదేశీ డబ్బు మీద ఆశ పెట్టుకోకండి. ఓ పెద్ద సంస్థ తనకొచ్చే దాంట్లోంచి మాకు కొంత పంపేది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టమైన ఎఫ్‌సీఆర్‌ఏ సవరణతో అలా ఇంకొకరికి ఇవ్వడమే కుదరకుండా పోయింది. నేరుగా తెచ్చుకోవాలంటే రిజిస్ట్రేషన్ కావాలి, దానికి మూడేళ్లలో 15 లక్షలు ఖర్చు చూపాలి. వచ్చే డబ్బు ముందు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్‌లోనే పడాలి. మనవల్ల అయ్యే పనేనా? సవరణ సంగతి తెలియక నేను పల్లిసభలో బోరు వేయిస్తామని మాటిచ్చి, ఏడాదంతా ముఖం చాటేసి తిరిగాను.

అంతకంటే పంచాయతీ డబ్బే అడగడం నయం. ఒడిశాలో పల్లిసభ ఏటా ఫిబ్రవరిలో కూడుతుంది, వచ్చే ఏడాది పనులకు సిఫారసు అక్కడే. ఇక్కడా ఢిల్లీ చెయ్యి ఉంది: 2021–26కు పంచాయతీలకు కేంద్రం ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే పోవాలన్నారు. మిగతా దాంట్లోంచీ జీతాలు ఇవ్వరాదన్నారు. రాత్రిబడి మాస్టారి జీతం అడిగితే లాభం లేదు, బోరు పక్క మురుగు కాలువ అడగండి.

సొసైటీకి అక్కడ ఓటు లేదు, ఊరి ఓటరుగానే లేచి మాట్లాడండి. పాస్టరు గారిని వెనక కూర్చోమనండి. ఆయన లేస్తే అది మందిరం అర్జీ అయిపోతుంది. గుడి వీధి వాళ్ల సంతకాలు ముందే పెట్టించండి, అర్జీ ఒడియాలో రాయించండి. తీర్మానాల పుస్తకంలో మీ పని ఎక్కిందో లేదో చూసి, ఫోన్లో ఫొటో తీసుకున్నాకే అక్కణ్నించి కదలండి.