సచివాలయం సేవల మీద ఊళ్లో సర్వే ఎలా చేయాలి?

వేసవి సెలవులొస్తే చాలు, డిగ్రీ పిల్లలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కాగితాలు పట్టుకుని ఊళ్ల మీద పడతారు. 180 గంటలు పనిచేయాలి, చివర్లో రిపోర్టు ఇవ్వాలి. ‘గ్రామ సచివాలయ సేవలు – ప్రజల సంతృప్తి’ అనే అంశమంటే అందరికీ మహా ఇష్టం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటి సర్వేలు నేనూ చాలా చేశాను, పిల్లల చేత చేయించాను, వాళ్ల రిపోర్టులు దిద్దాను. ఊరు మారుతుంది, మండలం మారుతుంది గానీ ముగింపు మారదు. ఎనభై ఐదు శాతం మంది సంతృప్తిగా ఉన్నారట! ఆ మాట చదవగానే ఇక తర్వాతి పేజీ తిప్పను. సరైన సర్వే ఎలా ఉండాలో చెబుతాను, వినండి.

మొదట ఒక్క సేవ పట్టుకోండి. ‘సచివాలయ సేవలు’ అంటే ఏమిటి? ఇన్‌కం సర్టిఫికెట్టా, పింఛనా, ఇంటి పన్నా, వన్ బీ, అడంగల్ లాంటి భూమి కాగితాలా? అన్నీ కలిపి అడిగితే అన్నీ కలగాపులగమైన జవాబే వస్తుంది. నేనైతే ఇన్‌కం సర్టిఫికెట్టే తీసుకోమంటాను. స్కూలుకీ కాలేజీకీ పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ దాంతో పని పడుతుంది. పైగా దాని దారి స్పష్టంగా ఉంటుంది. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ దరఖాస్తు తీసుకుంటారు, వీఆర్వో విచారిస్తారు, ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) చూస్తారు, తహసీల్దార్ ఆమోదిస్తారు. నాలుగు మెట్లు. కాగితం ఏ మెట్టు మీద ఆగిందో పట్టుకోవడమే మీ పరిశోధన. తహసీల్దార్ ఆఫీసులో పది రోజులు ఆగిన కాగితానికి సచివాలయం అమ్మాయిని తిట్టే రిపోర్టులు నా బీరువాలో బోలెడున్నాయి.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రాసుకునే అట్ట, ఒక్క పేజీ ఫారం, రెండు బాల్ పెన్నులు, మంచినీళ్ల సీసా, టోపీ. ఒక్క పేజీయే, రెండో పేజీ వద్దు. ఇద్దరు కలిసి వెళ్లాలి, ఒకరు మాట్లాడితే ఒకరు రాసుకోవాలి. ఆ ఇద్దరిలో ఒక ఆడపిల్ల ఉండి తీరాలి.

ఫోన్లో గూగుల్ ఫారం నింపుతామంటే మాత్రం నేను ఒప్పుకోను. టైపు చేసే పని తప్పుతుంది కదా సార్ అంటారు పిల్లలు. నిజమే, తప్పుతుంది. కానీ ఈ రోజుల్లో గుమ్మం ముందు నిలబడి ఫోన్ తీసినవాడంటే జనానికి రెండే అర్థాలు. వేలిముద్ర వేయించుకునేవాడు, లేదా ఓటీపీ అడిగేవాడు. రెండింటికీ భయమే. కాగితం మీద పెన్నుతో రాసుకుంటుంటే, ముసలాయన కూడా వంగి చూసి ‘నా పేరు రాయలేదు గదా’ అని నవ్వుతాడు. అసలు పేరు రాయనే కూడదు. ఇంటికో నంబరు వేయండి, అంతే. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు ఊసే ఎత్తొద్దు.

ఊరికి వెళ్లే ముందు పాత లెక్కలు చూస్తారు కదా, అక్కడ ఒక గోతిలో చాలామంది పడతారు. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా జనం 27,03,114, విజయనగరం 23,44,474. అవి పాత జిల్లాల లెక్కలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాయి. పాలకొండ వైపు మండలాలు పార్వతీపురం మన్యంలో కలిశాయి. శ్రీకాకుళానికి 38లో 30 మండలాలు మిగిలాయి, విజయనగరానికి 34 పోయి 27 అయ్యాయి. 2019 అంకెనూ 2023 అంకెనూ పక్కపక్కన పెట్టి ‘జిల్లాలో దరఖాస్తులు తగ్గాయి’ అని రాస్తే తగ్గింది దరఖాస్తులు కాదు, జిల్లా! అందుకే జిల్లా అంకెల జోలికి పోకుండా మండలం స్థాయిలోనే పోల్చండి. సచివాలయాలు మొదలైంది కూడా 2019 అక్టోబరు 2నే. అంతకుముందు మీసేవకు వెళ్లిన రోజులతో పోల్చాలనుకుంటే, ఎవరు ఎక్కడికి వెళ్లారో విడిగా అడిగి రాసుకోవాలి.

రికార్డుల కోసం సమాచార హక్కు దరఖాస్తు ముందే పెట్టేయండి, జవాబుకు 30 రోజుల గడువుంటుంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. ‘ఎందుకు ఆలస్యమైంది?’ అని అడక్కండి, ఎందుకు అనేదానికి ఆ చట్టం కింద జవాబు రాదు. ‘ఫలానా నెలలో వచ్చిన దరఖాస్తుల రిజిస్టరు నకలు ఇవ్వండి’ అని అడగండి. రికార్డు స్వయంగా చూస్తామన్నా చూపించాలి, మొదటి గంటకు రుసుము లేదు.

ఇక ఇళ్ల ఎంపిక. రామాలయం దగ్గర బండి ఆపి చుట్టుపక్కల ఇరవై ఇళ్లు తిరిగి టీ తాగి వచ్చేస్తే అది సర్వే కాదు, పలకరింపు. ఊళ్లో 420 ఇళ్లుండి మీకు అరవై కావాలంటే ప్రతి ఏడో ఇల్లు. మొదలుపెట్టడం ఊరి చివరి వీధి నుంచి, సర్పంచి గారి వీధి ఆఖర్న. తాళం వేసిన ఇంటిని వదిలి పక్కింట్లో దూరకండి. మన జిల్లాల్లో తాళానికి ఒక కథ ఉంటుంది. హైదరాబాదు, చెన్నై వలస పోయినవాళ్లు, పలాసలో జీడిపప్పు పనికి పోయిన ఆడవాళ్లు. సముద్రం ఒడ్డు ఊళ్లలోనైతే మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కి వేటకు పోయి నెలల తరబడి ఉండరు. సర్టిఫికెట్ కోసం తిరగడానికి ఇంట్లో మనిషే లేని కుటుంబాలవి. వాళ్లను వదిలేస్తే మీ రిపోర్టులో ఇబ్బంది పడినవాళ్లే కనబడరు. సాయంత్రం ఆరు తర్వాత మళ్లీ వెళ్లండి.

ఒకటో తారీకున మాత్రం ఊరికి పోకండి. ఆ రోజు సచివాలయం సిబ్బంది పింఛన్లు పంచుతూ వీధుల్లో ఉంటారు. మిమ్మల్నీ వాళ్లతో కలిపేస్తారు జనం.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. గుమ్మం ముందు నిలబడి అడగడం. ఇంతవరకూ చెప్పినవి కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఇది తప్పితే మిగతా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

నేనే తప్పాను ముందు. గజపతినగరం అవతల ఒక ఊరికి మెడలో ఐడీ కార్డు వేసుకుని, చేతిలో ఫైలు పట్టుకుని దిగాను. మొదటి ఇంట్లో ఒక మామ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూడగానే కత్తిపీట పక్కకు జరిపి, లోపలికెళ్లి, ప్లాస్టిక్ సంచి తెచ్చింది. అందులో ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఆస్పత్రి చీటీ, మడతలు పడిన జిరాక్సులు. ఒక్కొక్కటే అరుగు మీద పరిచింది. నేను నోరు తెరవకముందే అడిగింది: “ఏటి బావూ, పింఛనీ తీసేత్తారేటి?” కాదు మామ్మా, సచివాలయంలో పని ఎలా అవుతోందో కనుక్కుందామని వచ్చానన్నాను. “బాగుంది బావూ. అంతా బాగుంది. నాకేటీ ఇబ్బంది లేదు.” పక్కింట్లోనూ అంతా బాగుంది. ఆ వీధి వీధంతా బాగుంది. సాయంత్రం టీ కొట్టు దగ్గర, పొద్దున్న నాతో ‘ఒక్కసారికే అయిపోయింది’ అన్న మనిషే ఇంకొకరితో చెబుతున్నాడు, మనవరాలి సర్టిఫికెట్ కోసం నాలుగుసార్లు తిరిగానని. అబద్ధమాడాడని నేననను. నెలకు నాలుగు వేల పింఛనొచ్చే ఇంట్లో, ఫైలు పట్టుకొచ్చినవాడి ముందు ఎవరైనా అలాగే చెబుతారు.

అప్పట్నుంచి ఐడీ కార్డు జేబులో. అడిగితే చూపిస్తాను. ఫైలు సంచిలో. నిలబడి మాట్లాడను, అరుగు మీద కూర్చుంటాను, వాళ్లకంటే ఎత్తులో కూర్చోను. పిన్నీ, మావయ్యా, అప్పా అని వరస కలిపి పిలవండి. ‘ఆంటీ’ అన్నారో, టౌను నుంచి వచ్చిన ఆఫీసరు పిల్లలైపోతారు. మొదటి మాటే ఇదీ: “మేము గవర్నమెంటోళ్లం కాదు, కాలేజీ పిల్లలం. మీ పేరు రాయం. మేం రాసుకున్నదాన్ని బట్టి మీకు ఏదీ రాదు, ఉన్నదేదీ పోదు.” ఏదీ రాదు అని కూడా చెప్పాలి. కొంతమంది ఇల్లు వస్తుందేమోనన్న ఆశతో జవాబు చెబుతారు, అదీ ముప్పే. సంచి తెస్తే కాగితాలు చదవకండి, ‘లోపల పెట్టేయ్ మామ్మా, వాటితో పని లేదు’ అనండి. సంచి లోపలికి వెళ్లాకే మాట మొదలవుతుంది.

‘మీరు సంతృప్తిగా ఉన్నారా?’ అనే ప్రశ్న మీ ఫారంలో ఉంటే ఇప్పుడే కొట్టేయండి. సంతృప్తి అనేది పరీక్ష పేపర్లో మాట, ఆ ఊళ్లో ఎవరూ వాడరు. బాగుందా అంటే బాగుందనే అంటారు, అది మర్యాద. అభిప్రాయం అడక్కండి, జరిగింది అడగండి. “కిందటిసారి ఇన్‌కం సర్టిఫికెట్ కోసం ఎప్పుడు వెళ్లారు? ఆ రోజు పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరిన కాడి నుంచి చెప్పండి.” అంతే. తర్వాత నోరు మూసుకోవాలి. ఇక్కడే మా పిల్లలు ఓడిపోతారు. అవతలి మనిషి ఆలోచిస్తూ ఉంటే ఉండబట్టలేక ‘రెండుసార్లు తిరిగారా?’ అని అందిస్తారు. ‘ఆఁ, రెండుసార్లే’ అని వాళ్లు తలూపుతారు. ఆ రెండు మా పిల్లాడిది, వాళ్లది కాదు. మనసులో పది లెక్కపెట్టండి, అప్పటికీ జవాబు రాకపోతే ఇంకో పది.

తేదీలు ఎవరికీ గుర్తుండవు. పండగలు, పనులు గుర్తుంటాయి. సంక్రాంతికి ముందా తర్వాతా, ఊడుపులప్పుడా కోతలప్పుడా, విజయనగరం చుట్టుపక్కలైతే పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవానికి ముందా తర్వాతా అని అడగండి. దసరా వెళ్లిన మంగళవారం అంటే మీకూ క్యాలెండరులో దొరికిపోతుంది. ఉద్దానం వైపు తిత్లీ తుఫానును పట్టుకుని కాలం చెబుతారు. అది 2018 అక్టోబరు, అంటే సచివాలయాలకు ముందు మాట. అలాంటి జవాబు వస్తే ఆ ఫారం పక్కన పెట్టాల్సిందే.

డబ్బు సంగతి ఇంకా సున్నితం. ‘లంచం ఇచ్చారా?’ అని అడిగినవాడికి ఆ వీధిలో ఇంకెవరూ తలుపు తీయరు. “మొత్తం ఎంతయింది?” అని అడిగి విడదీయండి: ఆటోకెంత, జిరాక్సుకెంత, ఫోటోకెంత, టీలకెంత. టీలకు ఇరవై అంటే టీలకే. టీలకు మూడొందలంటే ఏ టీ అని అడక్కుండా అంకె రాసుకోండి. ఆ రోజు కూలి పోయిందా లేదా అన్నది మర్చిపోకండి, అసలు ఖర్చు తరచుగా అదే. కులం, భూమి, ఆదాయం ఆఖరి ప్రశ్నలు. ముందే అడిగితే మళ్లీ సంచి బయటికొస్తుంది.

ఇంకో గండం, పెద్దమనిషి. మీరు రెండో ఇంటికి చేరేసరికి తెల్ల చొక్కా ఆయనొకరు వచ్చి నిలబడతారు, అందరి జవాబులూ ఆయనే చెబుతారు. ఆయన్ని పొమ్మనలేం. మీ ఇద్దరిలో ఒకరు “బాబాయ్, మీతో విడిగా మాట్లాడాలి” అని ఆయన్ని చెట్టు కిందికి తీసుకెళ్లి, పూర్తి ఫారం, ఓపిగ్గా, గంటసేపు నింపండి. ఆ గంటలో రెండోవాళ్లు నాలుగిళ్లు పూర్తిచేస్తారు. అందరినీ రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి గ్రూప్ డిస్కషన్ పెడదాం సార్ అంటారు కొందరు. అందులో గట్టిగా మాట్లాడేది ఈయనే, కనుక నేను పెట్టను.

మరో పూట సచివాలయంలో ఊరికే కూర్చోండి. ఎవరొచ్చారు, ఏ పని మీద, ఎంతసేపటికి కదిలారు, పని అయి వెళ్లారా, ‘సర్వర్ లేదు, రేపు రా’ అన్నారా. ఇది గోడ గడియారం చూసి రాసుకునే పని, కష్టమేం లేదు. వీలైతే ఒక సోమవారం కలెక్టరాఫీసు దగ్గర అర్జీల క్యూ కూడా చూడండి. ఊళ్లో కావాల్సిన పని అంత దూరం ఎందుకు ప్రయాణం చేసిందో అక్కడ నిలబడ్డవాళ్లే చెబుతారు.

లెక్క కట్టేటప్పుడు సగటు వేయకండి. ఐదు ఇళ్లవాళ్లు ఒకటి, ఒకటి, రెండు, రెండు, పద్నాలుగుసార్లు తిరిగారనుకోండి. సగటు నాలుగు. నాలుగుసార్లు తిరిగిన ఇల్లు ఒక్కటీ లేదు! వరసలో పెట్టి నడిమి అంకె తీసుకోండి, రెండు. పద్నాలుగుసార్లు తిరిగిన ఇంటికి మళ్లీ వెళ్లి, ఆ కథ మొత్తం రాసుకోండి. ఏ మెట్టు మీద ఎన్నాళ్లు ఆగిందో ఆ ఒక్క ఇల్లు చూపించినంతగా మిగతా యాభై తొమ్మిదీ చూపించవు.

రిపోర్టు కాలేజీకి ఇచ్చాక ఒక పేజీ తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసుకు ఒకటి, సచివాలయం నోటీసు బోర్డుకు ఒకటి ఇవ్వండి. ఫారాలు కట్ట కట్టి దాచండి, ఎవరడిగినా చూపించొద్దు. పద్నాలుగుసార్లు తిరిగింది ఫలానా వీధిలో వాళ్లేనా అని టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. గుర్తులేదనండి.