మ్యాప్ తేడాగా ఉందా? ముందు అంకెలు చదవండి

జీఐఎస్‌లో, అంటే స్థలాల డేటాను మ్యాపులుగా మార్చి విశ్లేషించే పనిలో, సాఫ్ట్‌వేర్ ఎర్ర అక్షరాలతో తప్పు చూపితే మన అదృష్టమే. ఏ సందేశమూ ఇవ్వకుండా అందంగా తయారయ్యే తప్పు మ్యాప్‌తోనే ప్రమాదం. అందుకే సెట్టింగుల జోలికి వెళ్లే ముందు డేటాలోని అంకెలు చదవాలని గట్టిగా చెబుతాను. కింద చెప్పిన మెనూ పేర్లు క్యూజీఐఎస్ అనే జీఐఎస్ సాఫ్ట్‌వేర్‌వి.

లేయర్ చేర్చాను, తెర మీద ఏమీ లేదు

లేయర్ (మ్యాప్ మీద పరిచే ఒక డేటా పొర) పేరు మీద కుడి క్లిక్ చేసి ‘జూమ్ టు లేయర్’ నొక్కండి. చుక్కలు ఎక్కడో ఒకచోట ప్రత్యక్షమవుతాయి. ఏ చోట తేలాయన్న దాన్నిబట్టే కారణం దొరుకుతుంది.

ఆఫ్రికా పశ్చిమాన గినియా సింధుశాఖలో, భూమధ్యరేఖ సున్నా రేఖాంశాన్ని ఖండించే చోట అన్నీ కుప్పపడ్డాయా? ఆ బిందువును నల్ ఐలండ్ అంటారు, నిజానికి అక్కడ దీవి లేదు. ఖాళీ గడులు సున్నాలుగా నమోదైతే చుక్కలు అక్కడికే చేరతాయి. డిగ్రీల్లో ఉన్న విలువలను మీటర్లలో ఉండే వెబ్ మెర్కేటర్ అనే ప్రొజెక్షన్‌గా (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) చదివినా అంతే. రేఖాంశం 30.5, అక్షాంశం 12 అనే స్థలం అప్పుడు ఆ సున్నా బిందువుకు సుమారు 33 మీటర్ల దూరంలో పడుతుంది.

చుక్కలు వేరే దేశంలోనో సముద్రంలోనో తేలితే అక్షాంశ రేఖాంశాలు తారుమారయ్యాయేమో చూడండి. మాటల్లో అక్షాంశం ముందు వస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఎక్స్ గడికి రేఖాంశం ఇవ్వాలి. కొన్ని కిలోమీటర్లు మాత్రమే పక్కకు జరిగితే డిగ్రీలు, నిమిషాలను అనుమానించండి. 12 డిగ్రీల 30 నిమిషాలంటే 12.5. దాన్ని 12.30 అని రాస్తే స్థలం 22 కిలోమీటర్లు జరుగుతుంది.

ఎక్స్ 180లోపు, వై 90లోపు ఉంటే అవి దాదాపుగా డిగ్రీలే. ఆరేడు అంకెల సంఖ్యలైతే మీటర్లలో ఉన్న ప్రొజెక్షన్ అయివుండవచ్చు. అది తేల్చుకున్నాకే మందు వేయాలి. సీఆర్‌ఎస్ అంటే ఆ అంకెల అర్థం చెప్పే నిర్దేశాంక వ్యవస్థ. ‘సెట్ లేయర్ సీఆర్‌ఎస్’ అంకెలను ముట్టుకోదు, వాటిని ఏ వ్యవస్థలో చదవాలో మాత్రమే చెబుతుంది. ‘రీప్రొజెక్ట్ లేయర్’ అంకెలనే మార్చి కొత్త లేయర్ ఇస్తుంది. వ్యవస్థ పేరు తప్పుగా నమోదైతే మొదటిది వాడాలి. పేరు సరిగానే ఉండి మరో వ్యవస్థలోకి వెళ్లాలంటే రెండోది. ఎంతోమంది ఈ రెంటినీ కలగలిపి, పాడవని డేటాను పాడుచేసుకుంటారు. నేర్చుకునేవారికి నేను అన్నిటికన్నా ముందు చూపించేది ఈ తేడానే.

500 మీటర్ల బఫర్ అడిగితే ప్రపంచమంతా నిండిపోయింది

బఫర్ అంటే ఒక స్థలం చుట్టూ ఇచ్చిన దూరం వరకు గీసే ప్రాంతం. లేయర్ ఈపీఎస్‌జీ 4326 అనే కోడ్ ఉన్న వ్యవస్థలో, అంటే డిగ్రీల్లో ఉంది. మీరిచ్చిన 500ను సాఫ్ట్‌వేర్ 500 డిగ్రీలుగా తీసుకుంది. భూమి చుట్టూ ఉన్నవే 360. కొందరు 500కు బదులు 0.0045 ఇచ్చి సరిపెట్టుకుంటారు, అది మంచి అలవాటు కాదు. అక్షాంశంలో ఒక డిగ్రీ ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లే. రేఖాంశంలో ఒక డిగ్రీ మాత్రం ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ కుంచించుకుపోయి 60 డిగ్రీల అక్షాంశం దగ్గర సగమవుతుంది. మీ వృత్తం నేల మీద వృత్తంగా ఉండదు.

చిన్న ప్రాంతమైతే యూటీఎంలోకి (భూమిని 6 డిగ్రీల జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే వ్యవస్థ) రీప్రొజెక్ట్ చేయండి. రేఖాంశానికి 180 కలిపి, 6తో భాగించి, పూర్ణాంకానికి 1 కలిపితే జోన్ వస్తుంది. 30.5కు 180 కలిపితే 210.5, దాన్ని 6తో భాగిస్తే 35 పైచిలుకు, కాబట్టి జోన్ 36. ఉత్తరార్ధగోళంలో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32636, దక్షిణాన 32736.

విస్తీర్ణం ఎక్కువగా వస్తోందంటే లేయర్ వెబ్ మెర్కేటర్‌లో ఉందేమో చూడండి. అది తెర మీద చూడటానికి పనికొస్తుంది, కొలతకు పనికిరాదు. సమతలం మీద లెక్కిస్తే 30 డిగ్రీల అక్షాంశం దగ్గర విస్తీర్ణం మూడో వంతు పెరుగుతుంది, 60 దగ్గర నాలుగు రెట్లవుతుంది. విస్తీర్ణమే ముఖ్యమైతే సమవైశాల్య ప్రొజెక్షన్ ఎంచుకోండి.

టేబుల్ జోడిస్తే కొత్త కాలమ్‌లన్నీ ఖాళీ

లేయర్‌నూ టేబుల్‌నూ జత చేసేది రెంటిలోనూ ఉన్న కోడ్. ఒక వైపు అది అక్షరాలుగా ‘007’ అని, మరో వైపు సంఖ్యగా 7 అని ఉంది. మన కంటికి ఒకటే, కంప్యూటర్‌కు కాదు. ముందున్న సున్నాలను స్ప్రెడ్‌షీట్లు చాలాసార్లు అడగకుండానే తీసేస్తాయి. సీఎస్‌వీని (కామాలతో విడదీసిన టేబుల్ ఫైలు) తెరిచేటప్పుడే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకోండి. సున్నాలు అప్పటికే పోయుంటే ఫీల్డ్ కాలిక్యులేటర్‌లోని ఎల్‌ప్యాడ్ ఫంక్షన్ తిరిగి చేరుస్తుంది. రకం సరిపోయినా జత కుదరకపోతే కోడ్ చివర ఖాళీ ఉండవచ్చు, దాన్ని తీసేసే ట్రిమ్ ఫంక్షన్ వాడండి.

తెలుగు పేర్లు పిచ్చి అక్షరాలుగా కనిపిస్తున్నాయి

షేప్‌ఫైల్ (లేయర్లను దాచే ఒక ఫైలు రకం) ఎన్‌కోడింగ్‌ను, అంటే అక్షరాలను దాచిన పద్ధతిని, సాఫ్ట్‌వేర్ తప్పుగా చదివింది. లేయర్ ప్రాపర్టీస్‌లోని సోర్స్ భాగంలో యూటీఎఫ్-8 ఎంచుకోండి. అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలే భద్రమైపోయి ఉంటే మాత్రం అవి తిరిగిరావు, మూల డేటా తెచ్చుకోవాల్సిందే. కాలమ్ పేరు పది అక్షరాలు దాటితే షేప్‌ఫైల్ కత్తిరించేస్తుంది కూడా. కొత్త పనికి జియోప్యాకేజ్ అనే ఫైలు రకం వాడితే ఈ రెండు బాధలూ ఉండవు, ఫైలూ ఒక్కటే.

వాలు మ్యాప్ అంతటా దాదాపు 90 డిగ్రీలు

ఎత్తు మీటర్లలో, అడ్డకొలత డిగ్రీల్లో ఉంది. ఎత్తుల రాస్టర్‌ను (గడికో విలువ ఉండే డేటా) మీటర్ల ప్రొజెక్షన్‌లోకి మార్చి మళ్లీ లెక్కించండి. ఆ మార్పులో ఎత్తులకు చుట్టుపక్కల గడుల సగటు తీసే బైలీనియర్ పద్ధతి వాడండి. భూవినియోగం వంటి వర్గాల రాస్టర్‌కు దగ్గరి గడి విలువనే తీసుకునే నియరెస్ట్ నైబర్ వాడండి, సగటు తీస్తే 2 అడవి, 4 నీరు అనుకున్నచోట వాటి మధ్య 3 అనే లేని వర్గం పుట్టుకొస్తుంది.

ఏ అంశం వేసినా మ్యాప్ జనాభా మ్యాప్‌లాగే ఉంది

మీరు రంగు వేసింది మొత్తాలకు. జనం ఎక్కువున్న చోట బడులూ ఎక్కువే, రోగులూ ఎక్కువే. విలువను జనాభాతోనో విస్తీర్ణంతోనో భాగించి రేటుకు రంగు వేయండి. మొత్తాలే చూపాలనుకుంటే పరిమాణం మారే వృత్తాలు వాడండి. ఆపైన హిస్టోగ్రామ్ (ఏ విలువలు ఎన్ని ఉన్నాయో చూపే పట్టీల చిత్రం) తెరిచి, రంగు మారే తరగతుల హద్దులు చూడండి. డేటా ఒకవైపు ఒరిగి ఉంటే, సమాన అంతరాల పద్ధతిలో దాదాపు అన్ని ప్రాంతాలూ ఒకే రంగులో పడతాయి. ప్రతి రంగుకూ దాదాపు ఒకే సంఖ్యలో ప్రాంతాలు ఇచ్చే క్వాంటైల్ పద్ధతి దాదాపు సమానమైన విలువలను కూడా వేర్వేరు రంగుల్లోకి విడదీయగలదు. రెండు సంవత్సరాలను పక్కపక్కన పోలుస్తుంటే హద్దులను సాఫ్ట్‌వేర్‌కు వదలకుండా రెండు మ్యాపుల్లోనూ ఒకే హద్దులను చేత్తో టైపు చేయండి.