పోర్టబుల్ జనరేటర్‌ను ఇంటి వైరింగ్‌కి కలపాలంటే: ఛేంజోవర్, న్యూట్రల్, ఎర్తింగ్

తుపానుకు రెండు రోజులు కరెంటు లేకపోతే చాలామంది రెండు చివరలా మేల్ ప్లగ్గు బిగించిన వైరు తెచ్చి, జనరేటర్ నుంచి ఇంట్లో ఏదో ఒక సాకెట్లో పెట్టేస్తారు. ఆ పని ఎప్పుడూ చేయకండి. మెయిన్ ఆపడం ఒక్కరు మరిచిపోతే చాలు, ఆ 230 వోల్టులు సర్వీసు వైరు మీదుగా స్తంభానికి ఎక్కుతాయి. వీధి ట్రాన్స్‌ఫార్మర్ వాటిని 11 కేవీ లైను వైపు పదివేల వోల్టుల దాకా పెంచుతుంది. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకుని, లైన్లో కరెంటు లేదన్న నమ్మకంతో స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. వీధి లోడంతా మీద పడి జనరేటరే ఆగిపోతుందిలే అనుకోవద్దు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో లాగా తీగలు తెగిపడితే, మీ ఇంటి వైపు మిగిలిన ముక్క మీద ఒకటి రెండు ఇళ్లే ఉండొచ్చు. అంత లోడు జనరేటర్ హాయిగా లాగుతుంది.

ఛేంజోవర్ స్విచ్

ఛేంజోవర్ అంటే ఇంటిని మెయిన్‌కో జనరేటర్‌కో, ఒక్కదానికే కలిపే స్విచ్. సింగిల్ ఫేజ్ ఇంటికి డబుల్ పోల్ (ఫేజు, న్యూట్రల్ రెండింటినీ తెంచేది), త్రీ ఫేజ్ అయితే ఫోర్ పోల్, మధ్యలో ఆఫ్ ఉన్నది కొనండి. సైజు జనరేటర్‌ని బట్టి కాదు, ఇంటి మెయిన్‌ని బట్టి ఎంచుకోవాలి. సాధారణంగా 40 లేదా 63 ఆంప్స్ సరిపోతుంది.

వరుస ఇలా ఉండాలి: మీటరు, మెయిన్ స్విచ్, ఛేంజోవర్‌లో ఒక వైపు. జనరేటర్ నుంచి వచ్చే వైరు గోడ మీద మూడు పిన్నుల ఇండస్ట్రియల్ ఇన్‌లెట్‌కి, అక్కడి నుంచి డబుల్ పోల్ ఎంసీబీకి (కరెంటు మితిమీరితే దానంతటదే పడే స్విచ్), తర్వాత ఛేంజోవర్ రెండో వైపుకి. ఛేంజోవర్ దాటాక 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి లీకైతే పడే స్విచ్), ఆ తర్వాతే డీబీ (ఇంటి ఎంసీబీలన్నీ ఉండే బోర్డు). 2 కేవీఏ సెట్టుకు 10 ఆంప్స్ ఎంసీబీ, 2.5 చదరపు మి.మీ. మూడు కోర్ల రాగి కేబుల్. 5 కేవీఏకి 20 ఆంప్స్, 4 చదరపు మి.మీ.

న్యూట్రల్‌ని కూడా ఎందుకు తెంచాలి? ఫేజు ఒక్కటే మారిస్తే మీ జనరేటర్ న్యూట్రల్ వీధి న్యూట్రల్‌తో కలిసే ఉంటుంది. వీధిలో న్యూట్రల్ తెగిన రోజు పక్కిళ్ల కరెంటు మీ ఎర్త్ పిట్ గుండా దారి వెతుక్కుంటుంది.

న్యూట్రల్, ఎర్త్ కలపడం

ఎక్కువ మంది వదిలేసే పని ఇదే. చిన్న జనరేటర్లు చాలావాటిలో న్యూట్రల్‌కి, బాడీకి సంబంధం ఉండదు. అలాంటి సెట్టుతో ఇల్లు నడిపితే ఫ్రిజ్ బాడీకి ఫేజు తగిలినా ఆర్‌సీసీబీ పడదు, ఎందుకంటే ఎర్తులోకి వెళ్లిన కరెంటుకు జనరేటర్‌కి తిరిగొచ్చే దారే లేదు. ఎంసీబీని నమ్ముకోవడానికీ వీల్లేదు: 2 కేవీఏ సెట్టు ఇచ్చేదే దాదాపు 9 ఆంప్స్, ఇంట్లోని 16 ఆంప్స్ ఎంసీబీ షార్ట్ అయినా పడకపోవచ్చు.

ముందు ఇంజిన్ ఆపి, వైరింగ్ తీసేసి, మల్టీమీటర్‌తో జనరేటర్ సాకెట్లో ఎర్త్ పిన్ను కాకుండా మిగతా రెండు పిన్నులకూ బాడీకీ మధ్య ఓమ్స్ చూడండి. ఏ పిన్నుకూ కంటిన్యుటీ (బాడీతో కరెంటు దారి) లేకపోతే న్యూట్రల్ విడిగా ఉన్నట్టు. కంటిన్యుటీ ఉంటే ఇంజిన్ నడిపి వోల్టేజీ చూడండి. ఒక పిన్నుకు 230, ఇంకోదానికి సున్నా వస్తే లోపల కలిపే ఉంది, మళ్లీ కలపొద్దు. రెండింటికీ 115 వస్తే వైండింగ్ మధ్యలో ఎర్త్ చేసినట్టు. దాని ఒక పిన్ను ఎర్తుకి కలిపితే సగం వైండింగ్ షార్టవుతుంది. ఇన్వర్టర్ రకం జనరేటర్లకు కంపెనీ మాన్యువల్ చెప్పినట్టే చేయాలి.

విడిగా ఉన్న న్యూట్రల్‌ని ఇన్‌లెట్ బాక్సులో, ఎంసీబీకి ముందు, ఒకే ఒక్క చోట ఎర్తుకి కలపండి. ఆర్‌సీసీబీ తర్వాత డీబీలో కలిపితే జనరేటర్ మీద నడిచేటప్పుడు లీకేజీ వచ్చినా అది పడదు, మెయిన్ మీద మాత్రం లోడు వేసినప్పుడు ఊరికే పడిపోవచ్చు.

జనరేటర్ బాడీని ఇంటి ఎర్త్ పిట్‌కే కలపాలి. పక్కన విడిగా రాడ్డు దిగ్గొట్టి వదిలేస్తే రెండు ఎర్తుల మధ్య మట్టి ఒక్కటే దారి అవుతుంది, ఎండాకాలం ఆ మట్టి ఎండిపోతుంది. ఇంటికి పిట్ లేకపోతే 40 మి.మీ. జీఐ పైపు, కనీసం 2.5 మీటర్ల లోతుకు.

పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించి, ఆయన చేతే పరీక్ష పెట్టించండి. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి సరిపెట్టుకోవద్దు. అది ఫేజు, న్యూట్రల్ మధ్యే పనిచేస్తుంది కాబట్టి ఎర్తు కలవకపోయినా పడుతుంది. జనరేటర్ మీద ఇల్లు నడుస్తుండగా సాకెట్లో ఫేజుకీ ఎర్తుకీ టెస్ట్ ల్యాంపు పెట్టాలి. ఆర్‌సీసీబీ తక్షణం పడితే సరే. ల్యాంపు వెలగక, ఆర్‌సీసీబీ కూడా పడకపోతే ఎర్తు దారి ఎక్కడో తెగి ఉంది.

డాబా మీద ఆన్‌గ్రిడ్ సోలార్ (వీధి కరెంటుకు కలిపి నడిచేది) ఉంటే దాని కనెక్షన్ ఛేంజోవర్‌కి ముందు, మెయిన్ వైపే ఉండాలి. లేదంటే అది జనరేటర్‌నే గ్రిడ్ అనుకుని కరెంటు వెనక్కి తోసి పాడుచేస్తుంది. బ్యాటరీ ఇన్వర్టర్ చార్జింగు కూడా పెద్ద లోడే, చిన్న సెట్టు మీద దాన్ని ఆపేయడం మేలు.

నడిపే వరుస

సెట్టును తలుపులు, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట పెట్టండి. ఛేంజోవర్ ఆఫ్, డీబీలో ఎంసీబీలన్నీ ఆఫ్. ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు వేడెక్కనివ్వండి. ఛేంజోవర్ జనరేటర్ వైపు తిప్పి, ముందు మోటారు లోడు, అంటే ఫ్రిజ్, తర్వాత ఫ్యాన్లు, లైట్లు. కరెంటు వచ్చాక ముందు ఎంసీబీలు ఆపి, ఛేంజోవర్ మధ్యకు తెచ్చి, మెయిన్ వైపు తిప్పండి. ఇంజిన్‌ని మాత్రం లోడు లేకుండా ఇంకో రెండు నిమిషాలు నడవనిచ్చి ఆపండి.