బెంగళూరు మిద్దె మీద పుంజు: ఉంచుకోవాలా, ఇచ్చేయాలా, కోయాలా?

రోడ్డు పక్కన రంగులేసి అమ్మే కోడిపిల్లలు చాలావరకు మగవే. గుడ్ల కోళ్ల హేచరీలు పెట్టలను ఏరుకుని మిగతావాటిని చవగ్గా వదిలించుకుంటాయి. మూడు నాలుగు నెలలకు అది మారతహళ్లిలో తెల్లారకముందే కూత అందుకుంటుంది, పక్కింటివాళ్లు తలుపు తడతారు. కూత రాకముందే ఏం చేయాలో తేల్చుకోండి.

1. పుంజేనా?

ఆరు నుంచి ఎనిమిది వారాలకు తురాయి పెద్దదై ఎర్రబడితే అనుమానించవచ్చు. అదొక్కటే చూసి తేల్చకండి. గుడ్ల కోసం పెంచే లెగ్‌హార్న్ జాతి పెట్టలకు కూడా తురాయి పెద్దగానే వస్తుంది. నమ్మదగిన గుర్తు ఈకలు. 12 వారాలు దాటాక మెడ మీద, తోక మొదట్లో ఈకలు సన్నగా, మొన తేలి మెరుస్తుంటే పుంజు. కొనలు గుండ్రంగా ఉంటే పెట్ట.

2. దానితో మీకు పనుందా?

గుడ్ల కోసమైతే లేదు, పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి. పిల్లలు కావాలంటేనే పుంజు అవసరం. అప్పుడు కూడా ఒక్క పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలుండాలి. రెండు మూడే ఉంటే పదేపదే ఎక్కడం వల్ల వాటి వీపు ఈకలు ఊడి, గోళ్లకు చర్మం చీరుకుపోతుంది.

3. ఉంచుకుంటే కూత సంగతి

రాత్రి చీకటి పెట్టెలో పెడితే కూత ఆగిపోతుందని నమ్మకండి. పుంజు కూసేది వెలుగు చూసి మాత్రమే కాదు, దాని ఒంట్లోని గడియారాన్ని బట్టి కూడా. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో ఈ సంగతి చూపించారు. మెడ పూర్తిగా పైకి చాచలేనంత తక్కువ ఎత్తున్న పెట్టె కూత జోరు కొంత తగ్గిస్తుంది. పక్కల గాలి రంధ్రాలు తప్పనిసరి, తెల్లారగానే బయటికి వదలాలి. ఏప్రిల్ ఎండల్లో ఈ పెట్టె వద్దే వద్దు. మెడకు కట్టే పట్టీలు కూడా వద్దు. కాస్త బిగిస్తే ఊపిరి ఆడదు, వదులు చేస్తే కూత ఆగదు.

4. ఇచ్చేస్తే ఎవరికి?

చిత్తూరు, అనంతపురం, కోలారు వైపు పెట్టలు పెంచే బంధువులుంటే అంతకు మించింది లేదు. వయసు, వేయించిన టీకాలు, వాడిన మందులు దాచకుండా చెప్పండి. కొత్త పుంజును రెండు వారాలు వేరుగా ఉంచమనండి, కొక్కెర తెగులు ఒక్కదానితో మందంతటికీ పాకుతుంది. ఊరికే ఇస్తామని ప్రకటిస్తే ఎవరెవరో వస్తారు. సంక్రాంతి ముందర ఎత్తు, కాళ్లు, పొగరు గురించే అడిగేవాళ్లు పందానికి తీసుకెళ్తారనుకోండి. జంతువులను పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం.

కెంగేరి దగ్గరి పీపుల్ ఫర్ యానిమల్స్ ప్రధానంగా అడవి జీవాలకు వైద్యం చేసే చోటు, పెంపుడు పుంజును అప్పగించేందుకు కాదు. మిగతా ఆశ్రయాలకైనా ముందు ఫోన్ చేశాకే బయల్దేరండి. తురహళ్లి అడవిలోనో చెరువు గట్టునో వదిలితే కుక్కల పాలే. తిండీ నీళ్లూ లేక బాధపడేలా వదిలేయడం కూడా అదే చట్టం కింద నేరం.

తీసుకెళ్లేటప్పుడు కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీయకండి. అట్టపెట్టెకు నాలుగు పక్కలా బొటనవేలు పట్టేంత రంధ్రాలు చేసి, అడుగున గోనె పరిచి, పొద్దున్నే బయల్దేరండి.

5. కోయాలనుకుంటే

ఇందులో తప్పేమీ లేదు, ఎక్కువమందికి సరైన దారి ఇదే. మందులు వాడి ఉంటే, ఆపాక ఎన్ని రోజులు మాంసం తినకూడదని సీసా మీద రాసుంటుందో అన్ని రోజులు ఆగండి. కోసే ముందు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు మేత ఆపి, నీళ్లు మాత్రం పెట్టండి. పేగులు ఖాళీ అయితే మాంసం పాడుకాదు. అపార్ట్‌మెంట్లో చేయకుండా కోళ్ల అంగడికి తీసుకెళ్లి, కోసి శుభ్రం చేయించుకోండి. వెంటనే వండితే ముక్క బిగుసుకుపోయి సాగుతుంది, ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచండి. నాలుగైదు నెలల పుంజు తొందరగా ఉడుకుతుంది, ఏడాది దాటితే కుక్కర్‌లో సన్నటి మంట మీద ఎక్కువసేపు ఉంచాలి. లెగ్‌హార్న్‌లో ఎముకే ఎక్కువ కాబట్టి వేపుడుకు ఆశపడకండి, రాగిసంకటిలోకి పులుసు పెట్టుకోండి.