చిక్కు కథల పాఠాలు – 4: చెప్పేవారి కుర్చీ

చిక్కు కథ అంటే అసలు సంగతి చెప్పకుండా ఆపిన చిన్న కథ; అవును, కాదులతో తేలే ప్రశ్నలు అడుగుతూ విన్నవారు దాన్ని విప్పాలి. ముందుగా, పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం సంగతి చూద్దాం. "వందల మంది ముందు నిలబడి ఒక స్త్రీ గంటసేపు చేతులు ఊపింది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆపగానే అందరూ చప్పట్లు కొట్టారు." నా దగ్గరున్న జవాబు: ఆమె పెద్ద వాద్యబృందాన్ని నడిపించే సంగీత నిర్దేశకురాలు. మీకు మూకాభినయం చేసే నటి అని తట్టి ఉండవచ్చు. ఉపన్యాసాన్ని బధిరుల కోసం సంకేత భాషలో చెబుతున్న మనిషి అని కూడా తట్టి ఉండవచ్చు. ఆ జవాబులేవీ తప్పు కావు. కథలో ఉన్న ప్రతి వాక్యానికీ అవి సరిపోతున్నాయి. కావాలనే ఒక వాక్యం తీసేసి ఇచ్చాను: "ఆ గంటసేపూ ఆమె వారి వైపు తిరగలేదు." ఈ ఒక్క ముక్క చేర్చితే మిగిలిన దారులన్నీ మూసుకుపోతాయి.

ఆ వాక్యం ఉండాలో అక్కర్లేదో నిర్ణయించేది విప్పేవారు కాదు, చెప్పేవారు. ఇంతవరకు మూడు పాఠాల్లోనూ మనం విప్పేవారి పక్షాన కూర్చున్నాం. ఈసారి కుర్చీ మారదాం.

పొడుపు కథ వేసినవారికి ఆ తర్వాత పెద్ద పని ఉండదు. ఆనవాళ్లన్నీ పొడుపులోనే ఉంటాయి. ఎదుటివారు విప్పుతారు, లేదా ఓడిపోయామంటారు. మాల్టాలో పుట్టిన ఎడ్వర్డ్ డి బోనో 1967లో 'లేటరల్ థింకింగ్' అని పేరు పెట్టిన పక్కదారి ఆలోచనకు చెందిన చిక్కు కథలు అలా కావు. కథ చెప్పడంతో పని మొదలవుతుంది. విప్పేవారు అడిగే ప్రతి ప్రశ్నకూ చెప్పేవారు అవుననో కాదనో తేల్చాలి. ఒక్కో ప్రశ్నతో అవకాశాలను సగానికి సగం కోసుకుంటూ పోతే ఇరవై ప్రశ్నల్లో 10,48,576 వాటిలోంచి ఒకదాన్ని పట్టుకోవచ్చని పోయిన పాఠంలో లెక్క వేశాం. ఆ లెక్క నిలబడేది జవాబులన్నీ నిజమైనప్పుడే. ఏడో ప్రశ్నకు మీరు తొందరపడి తప్పుగా "కాదు" అన్నారంటే, సరైన జవాబున్న సగం అక్కడికక్కడే పోయింది. మిగిలిన పదమూడు ప్రశ్నలూ లేని చోట వెతకడానికే ఖర్చవుతాయి.

ఒక కథ తీసుకుందాం. చెప్పేవారి కుర్చీలో ఉన్నారు కాబట్టి జవాబు కూడా ముందే మీ చేతికిస్తున్నాను.

కథ: ఒకతను తన చిరునామాకే ఉత్తరం రాసి తపాలా పెట్టెలో వేశాడు. అది క్షేమంగా చేరింది. కవరు చూడగానే అతని ముఖం వాడిపోయింది.

జవాబు: అతను చాలాకాలంగా ఒకరి ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నాడు. తపాలాలో ఏదో లోపం వల్లే రావడం లేదని మనసుకు సర్దిచెప్పుకుంటున్నాడు. పరీక్షించడానికి తనకు తానే రాసుకున్నాడు. అది చేరింది. అంటే తపాలా బాగానే ఉంది, అవతలివారే రాయలేదు.

ఇప్పుడు ప్రశ్నలు.

— ఉత్తరంలో చెడ్డ వార్త ఉందా?
— లేదు.
— అసలు ఉత్తరంలో ఏం రాశాడన్న దానితో పని ఉందా?
— లేదు.

రెండో ప్రశ్న అడిగినవారికి మనసులోనే దండం పెట్టండి. పైకి మాత్రం మొదటి "లేదు"లో ఏ గొంతు ఉందో రెండో దానిలోనూ అదే ఉండాలి. "ఆఁ, మంచి ప్రశ్న!" అన్నారంటే సగం కథ చెప్పేసినట్టే. తర్వాత ఎవరూ ఆలోచించరు. మీ ముఖం చదువుతూ కూర్చుంటారు.

— ఎవరినైనా మోసం చేయడానికి పంపుకున్నాడా?
— కాదు.
— అతని భార్య ఆ ఉత్తరం చూసిందా?

ఇక్కడ ఆగండి. కథలో భార్య లేదు. "లేదు" అంటే మాట నిజమే అయినా, భార్య ఉందని, ఆమె చూడలేదని విన్నవారు అర్థం చేసుకుంటారు. తర్వాతి అయిదు ప్రశ్నలు ఆ లేని భార్య చుట్టూ తిరుగుతాయి. అందుకే అవును, కాదు, సంబంధం లేదు అనే మూడింటితో పాటు నాలుగో జవాబు కూడా దగ్గర పెట్టుకోవాలి: "మీ ప్రశ్నలో కథ చెప్పనిది, మీకు మీరే ఊహించుకున్నది ఒకటి ఉంది." అదేమిటో చెప్పకండి. దాన్ని వారే వెతుక్కోవాలి. నా మటుకు ఈ ఆటలో అన్నిటికన్నా విలువైన జవాబు ఇదే. విప్పేవారు ఎక్కడ చిక్కుకున్నారో చూపిస్తుంది, దారి మాత్రం చెప్పదు.

— ఉత్తరం చేరకపోయి ఉంటే అతను సంతోషించేవాడా?
— అవును.

కథ తిరిగేది ఇక్కడే. ఉత్తరం చేరడం మంచిదేనని అందరం అనుకున్నాం. కథ ఆ మాట అనలేదు. ఇక్కడి నుంచి మీరు చేయాల్సింది తక్కువ. "ఇందులో ఇంకో మనిషి ఉన్నారా?" అవును. "ఆ మనిషి అతనికి ఉత్తరం రాశారా?" లేదు. ఎవరో ఒకరు "అయ్యో" అంటారు. కథ విడిపోయింది.

"సంబంధం లేదు" అనే జవాబు వాడేటప్పుడు ఒక జాగ్రత్త. ఎదురుచూసిన ఉత్తరం స్నేహితుడిదా, కూతురిదా అని అడిగితే సంబంధం లేదనడం న్యాయమే. ఎవరిదైనా కథ అదే. కానీ అతను ఎంతకాలంగా ఎదురుచూస్తున్నాడని అడిగితే? అది అవును–కాదులకు లొంగే ప్రశ్న కాదు. "అవును, కాదులతో తేలేలా మార్చి అడగండి" అని వెనక్కి పంపండి. కొట్టిపారేస్తే ఎదురుచూపు అనే ఆనవాలే చెరిగిపోతుంది.

ఇక కథను మాటల్లో పెట్టడం. జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ డంకర్ చేసిన ఒక ప్రయోగం 1945లో ఆంగ్లంలో అచ్చయింది. కొవ్వొత్తి, అగ్గిపుల్లలు, పెట్టె నిండా చిన్న మేకులు ఇచ్చి, కొవ్వొత్తిని గోడకు నిలపమన్నారు. పెట్టెను మేకులతో గోడకు కొట్టి దాని మీద కొవ్వొత్తిని నిలబెట్టాలి. చాలామందికి తట్టలేదు. పెట్టె ఖాళీ చేసి ఇచ్చినప్పుడు తేలిగ్గా తట్టింది. పెట్టె రెండుసార్లూ కళ్ల ముందే ఉంది. మొదటిసారి దానికి వేరే పని అప్పజెప్పి ఉంది, అంతే. మీ కథలోని కీలకమైన వస్తువును దాచకండి. దానికి ఇంకో పని ఇవ్వండి. ఉత్తరం కథలో ఉత్తరానిది వార్త మోసే పని అని అందరూ అనుకుంటారు; నిజానికి అది చేసిన పని పరీక్ష.

తెలుగులో చిక్కు కథ అల్లేవారికి మన క్రియలు ఒక పెద్ద అడ్డంకి. ప్రపంచమంతా తిరిగిన కథ ఒకటుంది: ప్రమాదంలో తండ్రి చనిపోయాడు, గాయపడిన కొడుకును ఆసుపత్రికి తెచ్చారు, శస్త్రచికిత్స చేయాల్సిన డాక్టరు "నేను చేయలేను, వీడు నా కొడుకు" అని వెనక్కి తగ్గడం. డాక్టరు తల్లి. దీన్ని తెలుగులో "అన్నాడు" అని ముగిస్తే అబద్ధం, "అంది" అని ముగిస్తే జవాబు చెప్పేసినట్టు. "డాక్టరుగారు అన్నారు" అంటే గౌరవం మాటున రహస్యం భద్రంగా ఉంటుంది.

ఇలాంటిదే ఇంకొకటి. పగిలిన గాజు తొట్టి, నేల మీద నీళ్లు, చనిపోయిన ఇద్దరు. తీరా చూస్తే చేపలు. తెలుగులో "ఇద్దరు" అనడానికి వీల్లేదు, "రెండు" అంటే దొరికిపోతాం. పేర్లతో చెప్పి "పడి ఉన్నారు" అంటే అబద్ధం, "పడి ఉన్నాయి" అంటే కథ అయిపోయింది. కానీ ఏకవచనంలో మన భాష చాలా ఉదారమైనది. "లీల నేల మీద పడి ఉంది" అన్నామంటే లీల అమ్మాయి కావచ్చు, చేప కావచ్చు, పడవ కూడా కావచ్చు. కాబట్టి ఒక చేపను తగ్గించుకోండి, కథ బతుకుతుంది.

నిజానికి ఆ చేపల కథ చెప్పేంత ఇష్టం నాకు లేదు. ఈ జాతి కథల్లో శవం లేకపోతే చిక్కే లేదన్నట్టు రాసేవారు చాలామంది. ఎదురుగా కూర్చున్నవారి ఇంట్లో ఈమధ్య ఏం జరిగిందో మనకు తెలియదు. చావు లేకుండా కథ నడిస్తే చావు లేకుండానే నడపండి. వాడిన ముఖంతోనే పని జరిగిందని ఉత్తరం కథలో చూశారుగా.

మొదలుపెట్టే ముందు ఈ కథ ఎవరికైనా తెలుసా అని అడగండి. తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టవద్దు. మీతో పాటు జవాబులు చెప్పే పని ఇవ్వండి, మీరు తడబడినప్పుడు సరిదిద్దుతారు. నాకు తెలిసినంతలో నలుగురైదుగురితో ఆట బాగా సాగుతుంది. అంతకు మించితే గొంతు పెద్దగా ఉన్నవారిదే ఆటవుతుంది. అప్పుడు వరుసగా ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న అడగాలనే నియమం పెట్టండి.

అందరూ ఆగిపోయినప్పుడు సూచన ఇవ్వాలని చెయ్యి దురద పెడుతుంది. కొత్త విషయం ఏదీ చెప్పకండి. ఇంతవరకు తేలినవన్నీ వరుసగా మళ్లీ చెప్పండి: వార్త ముఖ్యం కాదు, మోసం లేదు, చేరకపోతే సంతోషించేవాడు. చాలాసార్లు ఇదే సరిపోతుంది, ఎందుకంటే ఎవరి ప్రశ్నకు వచ్చిన జవాబు వారికే గుర్తుంటుంది తప్ప పక్కవారిది గుర్తుండదు. అప్పటికీ కదలకపోతే, అడగని ప్రశ్న ఒకటి అందించండి: "చేరడం మంచిదో కాదో మీరింకా అడగలేదు." జవాబు చెప్పేయడం అన్నిటికన్నా చివర, అది కూడా వారు కోరితేనే.

మీరనుకోని జవాబు ఎవరైనా చెబితే, దాన్ని కథలోని ప్రతి వాక్యం పక్కన పెట్టి చూడండి. అన్నిటికీ సరిపోతే ఒప్పుకోండి. "నా దగ్గరున్నది వేరు, మీదీ నిలబడింది" అనండి. ఆ తర్వాత కథను సరిచేసుకోవడం మీ పని.

ఈసారి అభ్యాసం. "పరుగు పందెంలో ఒకతను చాలాసేపు అందరికన్నా ముందు పరుగెత్తుతూ కనిపించాడు. ఏ నియమమూ తప్పలేదు. అయినా అతనికి బహుమతి రాదని అతనికీ, చూసేవారికీ ముందే తెలుసు." దీనికి నాకు రెండు జవాబులు కనిపిస్తున్నాయి. రెండూ పట్టుకోండి. ఒకదాన్ని ఎంచుకుని, రెండోదానికి తలుపు మూసే వాక్యం ఒక్కటి చేర్చండి. తర్వాత ఈ కథ తెలియని ఇద్దరికి చెప్పి, వారడిగిన ప్రశ్నలను, మీరిచ్చిన జవాబులను కాగితం మీద రాసుకోండి. అయిదో పాఠంలో ఆ కాగితాన్ని ముందు పెట్టుకుని, ఏ ప్రశ్న దగ్గర కథ తిరిగిందో గుర్తించడం నేర్చుకుంటాం.