కిట్ కారులో కాళ్ల దగ్గర సెగ ఎలా తగ్గించానంటే

1957లో వచ్చిన లోటస్ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారు తరహాలో, ఇంగ్లండ్‌లో మా గరాజ్‌లో విడిభాగాల నుంచి నేనే బిగించుకున్న కిట్ కారు ఇది. ముందు ఇంజిన్, మధ్యలో గేర్‌బాక్స్ టన్నెల్ (గేర్‌బాక్స్‌ను కప్పే పొడవాటి గూడు), దాన్ని ఆనుకునే సీటు. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఆగితే పెడల్స్ దగ్గర బూటు అడుగు కూడా వేడెక్కిపోయేది.

ఇన్సులేషన్ కొనేముందే వేడి ఎటునుంచి వస్తోందో తేల్చుకోవాలి. రాత్రిపూట బానెట్ కింద టార్చ్ వెలిగించి, లోపల కూర్చుని చూశాను. స్టీరింగ్ కాలమ్, వైరింగ్ దూరే కంతల చుట్టూ వెలుతురు! వెలుతురు దూరే చోట వేడిగాలీ దూరుతుంది, పొగా దూరుతుంది. వైర్లు దూరే కంతలకు రబ్బరు గ్రామెట్లు (అంచు రింగులు) వేసి, కదలని చోట్ల సందులను వేడికి తట్టుకునే సీలెంట్‌తో మూసేశాను. చాలా తేడా దానితోనే వచ్చింది.

తర్వాత ఎగ్జాస్ట్, అంటే ఇంజిన్ పొగ బయటికి పోయే పైపు. దానికీ బాడీకీ మధ్య మెరిసే అల్యూమినియం రేకు నిలబెట్టాను. బాడీకి అతికించలేదు, స్పేసర్లు (ఎడం నిలిపే చిన్న ముక్కలు) పెట్టి 10 మి.మీ. ఎడం వదిలాను. అసలు పని చేసేది ఆ ఎడమే. అందులో గాలి ఆడుతుంది. రేకు బాడీకి తగిలిందా, వేడి నేరుగా ఇవతలికి దాటేస్తుంది. పైపుకు హీట్ ర్యాప్ (వేడిని ఆపే పట్టీ) చుట్టమని చాలామంది అంటారు. మామూలు స్టీలు పైపైతే దానికింద తేమ నిలిచి తుప్పు పడుతుంది, అందుకే నేను చుట్టలేదు.

టన్నెల్ లోపల ఫోమ్ వేయాలనుకుంటే ముందు చిన్న ముక్క బయట కాల్చి చూడండి. అంటుకుంటే కారులోకి రానివ్వకండి.