ఫ్రీక్యాడ్‌లో కొలతలను అంకెలుగా కాక పేర్లతో వాడటం

కంప్యూటర్‌లో త్రిమితీయ నమూనాలు గీసే ఫ్రీక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో ప్లైవుడ్ పెట్టె వంటిది గీసేటప్పుడు, 18 మిల్లీమీటర్ల పలక మందాన్ని ప్రతి స్కెచ్‌లోనూ (నమూనాకు ఆధారమైన చదునైన గీతల బొమ్మలోనూ) విడిగా టైపు చేయకుండా, ముందుగానే ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి, ఆ విలువను ఒక గడిలో యూనిట్‌తో సహా రాసి, గడి లక్షణాలలో దానికి ఏలియాస్ (మారుపేరు) ఇవ్వండి. యూనిట్ రాయకపోతే ఆ గడిలోనిది ఉత్త సంఖ్యే అవుతుంది. మిల్లీమీటర్లలో ఉన్న వెడల్పులోనుంచి దానిని తీసివేయబోతే దోషం చూపిస్తుంది. బి2 వంటి గడి చిరునామాను పోలిన పేరును ఏలియాస్‌గా అంగీకరించదు.

తరువాత స్కెచ్‌లో కొలత అడిగినచోట సమాన గుర్తు నొక్కి, లోపలి వెడల్పును 'బయటి వెడల్పులోనుంచి రెండు మందాలు తీసివేయగా మిగిలినది' అనే సూత్రంగా రాస్తే, దుకాణంలో 12 మిల్లీమీటర్ల పలకే దొరికినప్పుడు ఒక్క గడి మారిస్తే సరిపోతుంది.

కొత్త స్కెచ్‌ను అప్పటికే తయారైన ముఖంపై అతికించే అలవాటు మాత్రం, నా దృష్టిలో, మానుకోదగినది. కొలత మారినప్పుడు ముఖాల అంతర్గత పేర్లు తారుమారై స్కెచ్ వేరొక చోటికి జారిపోయే ఇబ్బంది 2024లో వచ్చిన 1.0 వెర్షన్‌తో బాగా తగ్గినప్పటికీ, మూల తలాలకే (నమూనాలో ముందునుంచే ఉండే XY, XZ, YZ తలాలకే) అతికించి, దూరాన్ని అవే ఏలియాస్‌లతో చెప్పడం ఇప్పటికీ భద్రమైన పద్ధతి. అంచుల గుండ్రింపును చివరికి ఉంచండి.